రిపేర్ కొట్టే ముందు ఆ పేజీలో ఏముందో చూడండి: ఒక ఎస్‌క్యూఎల్ సర్వర్ కేసు

కౌంటర్లో బిల్లులు పడుతున్నాయి, స్టాకు కనిపిస్తోంది, పార్టీల లెడ్జర్లు తెరుచుకుంటున్నాయి. ఆడిటర్ అడిగిన ఒకే ఒక్క రిపోర్ట్ రావడం లేదు. జీఎస్టీ వార్షిక రిటర్న్ జీఎస్టీఆర్-9 కోసం కిందటి ఆర్థిక సంవత్సరం అమ్మకాలన్నీ ఒకేసారి లాగబోతే సగంలో 824 నంబర్ ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది. గడువు డిసెంబర్ 31. అది కోస్తాలో మందుల హోల్‌సేల్ చేసే సంస్థ. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 స్టాండర్డ్ ఎడిషన్, రికవరీ మోడల్ సింపుల్ (మార్పుల చిట్టా అయిన లాగ్‌ను బ్యాకప్ తీయని పద్ధతి), రోజూ రాత్రి ఫుల్ బ్యాకప్. బ్యాకప్‌లను వారం రోజులు ఉంచి తర్వాత చెరిపేస్తారు.

అక్కడి సిస్టమ్ అడ్మిన్ ఫోన్ చేసినప్పుడే అడిగాడు: "సార్, రిపేర్ అలౌ డేటా లాస్ కొడితే పోతుందంటున్నారు. కొట్టేయమంటారా?"

"వద్దండి. ముందు ఏది పోయిందో చూద్దాం. సర్వర్ రీస్టార్ట్ చేయకండి, డేటాబేస్ డిటాచ్ చేయకండి, నిన్నటి బ్యాకప్ ఫైళ్లు ఏవీ చెరపకండి" అన్నాను.

ఈ కేసులో నేను చెప్పదలచుకున్నది ఆ ఫోన్ మాటలోనే ఉంది. ఆ రిపేర్ ఆప్షన్ పాడైన పేజీని (డేటా ఫైల్లో 8192 బైట్ల ముక్క) బాగుచేయదు, దాన్ని టేబుల్ నుంచి తీసి పారేస్తుంది. అందులోని రికార్డులన్నీ, మంచివి కూడా, దానితోపాటే పోతాయి. అంతటితో ఆగదు. క్లస్టర్డ్ ఇండెక్స్‌లో (టేబుల్ అసలు రికార్డులు కీ వరుసలో ఉండే చోటు) పేజీ తీసేశాక దానికి తగ్గట్టు నాన్‌క్లస్టర్డ్ ఇండెక్సులను (కొన్ని కాలమ్‌లతో వెతకడానికి విడిగా కట్టినవి) కూడా మళ్లీ కడుతుంది. పోయిన రికార్డుల ఆనవాళ్లు చివరిగా మిగిలేది ఆ ఇండెక్సుల్లోనే, అవీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే చూడాల్సినదంతా రిపేర్‌కు ముందే చూడాలి. చూడడానికి పనికొచ్చే కమాండ్లలో ముఖ్యమైనవి మైక్రోసాఫ్ట్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో దొరకవు.

ఆ ఎర్రర్ మెసేజ్ నుంచే మొదలుపెడదాం, చాలామంది దాన్ని పూర్తిగా చదవరు. 823 వస్తే ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరే చదవడమో రాయడమో విఫలమైందని అర్థం. 824 అంటే చదవడం జరిగింది కానీ వచ్చిన పేజీ నమ్మదగినదిగా లేదు. మా మెసేజ్‌లో చెక్‌సమ్ (పేజీలోని బైట్ల నుంచి లెక్కకట్టే సరిచూపు సంఖ్య) తేడా అని ఉంది, ఉండాల్సిన విలువ, వచ్చిన విలువ రెండూ ఇచ్చింది. ఫైల్ 1లో పేజీ 286731 అని చెప్పి, ఫైల్లో ఎన్నో బైట్ దగ్గరో కూడా చెప్పింది. పేజీ 8192 బైట్లు కాబట్టి 286731ని 8192తో గుణిస్తే 2,34,89,00,352. మెసేజ్‌లో హెక్స్‌లో (పదహార్ల లెక్కలో) ఉన్న ఆఫ్‌సెట్, అంటే ఫైల్ మొదలు నుంచి దూరం, కూడా సరిగ్గా అదే. సర్వర్ సొంత డేటాబేస్ ఎంఎస్‌డీబీలోని సస్పెక్ట్ పేజెస్ టేబుల్లోనూ ఇదే పేజీ ఉంది, ఈవెంట్ టైప్ 2, అంటే చెక్‌సమ్ తప్పింది. ఇంకే పేజీ లేదు.

ఇక్కడ ఒక్క మాట. చెక్‌సమ్ రక్షణ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005తో వచ్చింది. 2000 కాలం నుంచి అప్‌గ్రేడ్ అవుతూ వచ్చిన డేటాబేసుల్లో పాత సెట్టింగే ఉండిపోతుంది, ఎవరో ఒకరు మార్చేదాకా. వీళ్ల డేటాబేస్ తర్వాత కట్టింది కాబట్టి పేజీ వెరిఫై చెక్‌సమ్‌లోనే ఉంది. ఏ పేజీ వెరిఫై లేకపోతే ఈ పాడు బయటపడకుండా, రిపోర్ట్ తప్పు అంకెలతో నిశ్శబ్దంగా వచ్చేసి ఉండొచ్చు.

తర్వాత డేటాబేస్ మొత్తాన్ని తనిఖీ చేసే చెక్‌డీబీ కమాండ్ నడిపాం, ఇన్ఫో మెసేజులు లేకుండా, ఎర్రర్లన్నీ చూపించమని. డేటాబేస్ పెద్దది కాబట్టి కౌంటర్ మూసేశాకే పెట్టించాను. ఫలితంలో 8928, 8939, 8976, 8978 వచ్చాయి. 8928 అంటే ఈ పేజీని ప్రాసెస్ చేయలేకపోయాను అని. 8976 అంటే పై పేజీ, ముందు పేజీ దీన్ని చూపిస్తున్నాయి కానీ స్కాన్‌లో ఇది కనబడలేదు అని. 8978 అంటే తర్వాతి పేజీకి వెనక లింక్ దొరకలేదు అని. నాలుగు రకాల ఎర్రర్లు చూసి కంగారు పడనక్కర్లేదు, అన్నీ ఒకే పేజీ గురించి. అసలు చూడాల్సింది ఇండెక్స్ ఐడీ. అది 2 లేదా అంతకు మించి ఉంటే పని చిన్నది: ఆ నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్‌ను డిసేబుల్ చేసి రీబిల్డ్ చేస్తే చాలు. ఊరికే రీబిల్డ్ అంటే పాత ఇండెక్స్ నుంచే చదివే ప్రమాదం ఉంది, అందుకే ముందు డిసేబుల్. మా ఖర్మకు ఇండెక్స్ ఐడీ 1 వచ్చింది. బిల్లుల్లోని ఐటమ్ లైన్లన్నీ ఉండే టేబుల్, దాని క్లస్టర్డ్ ఇండెక్స్. అంటే అసలు డేటా.

చెక్‌డీబీ లాంటి తనిఖీ కమాండ్లన్నీ డీబీసీసీ అనే పేరు కింద ఉంటాయి, వాటిలో డీబీసీసీ డీబీఇన్ఫో కూడా అప్పుడే చూశాను. అది డేటాబేస్ బూట్ పేజీలోని వివరాలు ఇస్తుంది. చివరిసారి చెక్‌డీబీ శుభ్రంగా ముగిసిన తేదీ అన్న చోట 1900 జనవరి 1 ఉంది. అంటే ఈ డేటాబేస్ మీద చెక్‌డీబీ ఒక్కసారి కూడా ఏ లోపం లేకుండా పూర్తవలేదు.

ఇక డీబీసీసీ పేజ్, ఒక పేజీ లోపల ఏముందో చూపించే కమాండ్. డీబీసీసీ హెల్ప్ అడిగినా ఇది మామూలుగా కనబడదు, ట్రేస్ ఫ్లాగ్ (సర్వర్ ప్రవర్తనను మార్చే స్విచ్) 2588 వేస్తేనే జాబితాలోకి వస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మూలమైన సైబేస్ కాలం నుంచీ ఉన్న కమాండ్, సైబేస్‌లో ఇప్పటికీ ఇదే పేరుతో ఉంది. దీన్ని బయటి డీబీఏలకు (డేటాబేస్ నిర్వాహకులకు) బాగా తెలిసేలా చేసినవాళ్లలో పాల్ రాండల్ ఒకరు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 చెక్‌డీబీని మైక్రోసాఫ్ట్‌లో ఉండగా రాసింది ఆయనే. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో ఇదే పని చేసే పేజ్‌ఇన్‌స్పెక్ట్‌ను డాక్యుమెంటేషన్‌తో సహా అందరికీ ఇచ్చారు. ఇక్కడ కూడా అలా ఇవ్వాల్సిందని నా అభిప్రాయం. 2019 వెర్షన్‌లో పేజీ హెడర్ వరకు ఒక అధికారిక ఫంక్షన్ వచ్చింది, లోపలి రికార్డుల కోసం మాత్రం ఇప్పటికీ ఇదే దిక్కు.

వాడకం సులువే. సిస్‌అడ్మిన్ హక్కు ఉండాలి. ముందు ట్రేస్ ఫ్లాగ్ 3604 ఆన్ చేయాలి, లేకపోతే ఫలితం మన స్క్రీన్ మీదికి రాదు. తర్వాత డేటాబేస్ పేరు, ఫైల్ నంబర్, పేజీ నంబర్, చివర 0 నుంచి 3 వరకు ఒక అంకె. 0 అయితే హెడర్ ఒక్కటే. 1 అయితే ఒక్కో రికార్డు హెక్స్‌లో. 2 అయితే పేజీ మొత్తం హెక్స్‌లో. 3 అయితే రికార్డులను కాలమ్‌లుగా విప్పి చూపిస్తుంది. ఇది చదవడం మాత్రమే చేస్తుంది, దేన్నీ మార్చదు.

0తో మొదలుపెట్టాం. హెడర్ 96 బైట్లు, శుభ్రంగా ఉంది. టైప్ 1, అంటే డేటా పేజీ. లెవెల్ 0, అంటే అట్టడుగు స్థాయి. ముందు పేజీ, తర్వాతి పేజీ నంబర్లు ఉన్నాయి. స్లాట్ కౌంట్, అంటే రికార్డుల సంఖ్య, 84. ఫ్రీ డేటా (ఖాళీ మొదలయ్యే బైట్) 7992, ఫ్రీ కౌంట్ (మిగిలిన ఖాళీ బైట్లు) 32. ఈ అంకెలను ఒకదానితో ఒకటి సరిచూడాలి, హెడర్ నమ్మదగినదా కాదా అన్నది అక్కడే తేలుతుంది. ఈ టేబుల్లో అన్నీ స్థిర పొడవు కాలమ్‌లే, ఒక్కో రికార్డు 94 బైట్లు. 84ని 94తో గుణించి 96 కలిపితే 7992. పేజీ చివర స్లాట్ పట్టికలో రికార్డుకు 2 బైట్ల చొప్పున 168. 8192 నుంచి ఆ రెండూ తీసేస్తే మిగిలేది 32. అన్నీ అతికాయి. పేజీ నిండిపోయి ఉంది, కొత్త రికార్డుకు చోటు లేదు.

2తో పేజీ మొత్తం దించినప్పుడు దెబ్బ ఎక్కడో కంటికి కనిపించింది. 4096వ బైట్ నుంచి 4607 దాకా అన్నీ సున్నాలు. సరిగ్గా 512 బైట్లు, డిస్కులో ఒక సెక్టార్. పేజీలో ఇలాంటివి 16 ఉంటాయి, అందులో ఒక్కటి ఎగిరిపోయింది. పై నుంచి సున్నాల దాకా ప్రతి రికార్డూ 10 00తో మొదలవుతోంది. 10 అంటే వేరియబుల్ కాలమ్‌లు లేని మామూలు రికార్డు అని గుర్తు. ఆ తర్వాత రెండు బైట్లు స్థిర భాగం ఎక్కడ ముగుస్తుందో చెప్తాయి, ఆ వెంటనే మొదటి కాలమ్, బిల్లు నంబర్. ఒక రికార్డులో అక్కడ 45 23 01 00 అని ఉంది. బైట్లు వెనక నుంచి ముందుకు చదవాలి: 00 01 23 45, పదుల్లో 74565. బిల్లు పుస్తకంలో చూస్తే అది కిందటి ఆర్థిక సంవత్సరం బిల్లే.

రికార్డు పొడవు స్థిరం కాబట్టి ఏవి దెబ్బతిన్నాయో లెక్క కట్టడం కష్టం కాదు. స్లాట్లు 0 నుంచి మొదలవుతాయి. 42వ స్లాట్ 4044లో మొదలవుతుంది, దాని మొదటి 52 బైట్లు ఉన్నాయి, మిగతావి లేవు. 43 నుంచి 47 వరకు పూర్తిగా సున్నాలు. 48వది సరిగ్గా 4608లో, అంటే సున్నాలు ముగిసిన మరుక్షణం మొదలవుతుంది. మొత్తం 84లో దెబ్బతిన్నవి 6. రిపేర్ కొట్టి ఉంటే 84 పోయేవి, పోయినవి ఏవో చెప్పేవాళ్లు కూడా ఉండరు.

3 కూడా నడిపాను. మంచి రికార్డులను చక్కగా కాలమ్‌లుగా విప్పింది. సున్నాలున్న స్లాట్ల దగ్గర అది చూపించేదాన్ని నమ్మకూడదు, అక్కడ హెక్స్‌నే చూడాలి.

ఇప్పుడు ఆ ఆరింటిని ఎక్కడి నుంచి తేవాలి? సింపుల్ రికవరీలో లాగ్ బ్యాకప్‌లు ఉండవు, కాబట్టి ఒక్క పేజీని రిస్టోర్ చేసే దారి మూసుకుపోయింది. రాత్రి బ్యాకప్‌లు ఏడింటినీ వేరే పేరుతో రిస్టోర్ చేసి అదే పేజీ చూశాం. రిస్టోర్ చేసినా పేజీ నంబర్లు మారవు, అది మనకు పెద్ద సాయం. ఏడింటిలోనూ అవే సున్నాలు. చెక్‌సమ్ ఆప్షన్ లేకుండా, కంప్రెషన్ లేకుండా తీసిన బ్యాకప్ పేజీలను పరీక్షించదు, ఉన్నది ఉన్నట్టు మోసుకుపోతుంది. రోజూ సక్సెస్ అనే చెప్పింది.

అప్పుడు అకౌంటెంట్ గారు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చారు. మార్చి ఆఖర్న ఖాతాలు ముగించాక ఒక బ్యాకప్ తీయించి బీరువాలో పెట్టడం ఆయన అలవాటు. దాన్ని ఇంకో మెషీన్లో రిస్టోర్ చేసి 286731 చూస్తే పేజీ నిండుగా ఉంది, సున్నాలు లేవు.

ఈ కేసుకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. పాత కాపీలో రికార్డులు ఉన్నంత మాత్రాన అవి తెచ్చి పెట్టేయకూడదు. మార్చి తర్వాత ఎవరైనా ఆ బిల్లుల్లో పరిమాణమో రేటో దిద్ది ఉంటే? సరుకు వాపస్ వచ్చి లైన్ మార్చి ఉంటే? డబ్బు లెక్కల్లో "మార్చి ఉండరులే" అనుకోవడం కుదరదు. రుజువు కావాలి, ఆ రుజువు పేజీ హెడర్లోనే ఉంది.

ప్రతి పేజీ హెడర్లో ఎల్‌ఎస్‌ఎన్ అని ఒకటి ఉంటుంది, ఆ పేజీని చివరిసారి మార్చిన లాగ్ రికార్డు నంబర్. పాడైన పేజీ ఎల్‌ఎస్‌ఎన్, మార్చి కాపీ ఎల్‌ఎస్‌ఎన్ పక్కపక్కన పెట్టాం. మూడు భాగాలూ ఒకటే. అంటే బ్యాకప్ తర్వాత ఆ పేజీని ఎవరూ తాకలేదు. అంతకన్నా గట్టిది ఇంకొకటి: హెడర్లో టార్న్ బిట్స్ అనే చోట పేజీని డిస్కుకు రాసేటప్పుడు కట్టిన చెక్‌సమ్ ఉంటుంది. పాడైన పేజీలో హెడర్ బతికే ఉంది కాబట్టి, ఆ పేజీ బాగున్నప్పటి చెక్‌సమ్ అక్కడ అలాగే ఉంది. 824 మెసేజ్‌లో "ఉండాల్సిన విలువ" అన్నది అదే. మెసేజ్ హెక్స్‌లో ఇస్తుంది, డీబీసీసీ పేజ్ ఆ విలువనే గుర్తుతో కూడిన పదుల సంఖ్యగా, ఒక్కోసారి మైనస్‌తో, చూపిస్తుంది. మార్చకుండా పోల్చితే వేరువేరు అనిపిస్తాయి. హెక్స్‌ను పదుల్లోకి తిప్పి చూస్తే మార్చి నెల కాపీ చెక్‌సమ్‌తో సరిగ్గా కలిసింది. పాడు కాకముందు ఆ పేజీ ఎలా ఉందో, మన చేతిలోని పాత పేజీ అలాగే ఉంది.

అయినా మూడో సాక్షిని పిలిచాను. ఐటమ్, బ్యాచ్ మీద ఒక నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్ ఉంది, పరిమాణం కూడా అందులో చేర్చి ఉంది. ప్రతి నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్‌లో క్లస్టర్డ్ కీ కూడా ఉంటుంది కాబట్టి, ఆ ఇండెక్సే వాడమని చెప్పే ఇండెక్స్ హింట్ పెట్టి ఆ కాలమ్‌లు మాత్రమే అడిగితే పాడైన పేజీ జోలికి పోకుండానే సమాధానం వస్తుంది. మార్చి కాపీలో ఆ పేజీ మీద ఏ రికార్డులు ఉన్నాయో తెలుసుకోవడానికి ఇంకో డాక్యుమెంట్ లేని సాధనం వాడాం: %%ఫిజ్‌లాక్%%. దాన్ని ఎఫ్‌ఎన్ ఫిజ్‌లాక్ ఫార్మాటర్ ఫంక్షన్‌కు ఇస్తే ఒక్కో రికార్డు ఫైల్, పేజీ, స్లాట్ ఏవో చెప్తుంది. 286731 మీద ఉన్న 84 తీసి, ఇప్పటి ఇండెక్స్‌తో పోల్చాం. బిల్లు నంబర్, లైన్ నంబర్, ఐటమ్, బ్యాచ్, పరిమాణం: 84కి 84 కలిశాయి. ఆ జాబితాను వేరే టేబుల్లోకి దించి భద్రం చేశాం. రిపేర్ అయ్యాక ఈ సాక్షి ఉండదు.

గడువు దగ్గర పడుతోంది కాబట్టి ఆడిటర్‌కు కావాల్సిన రిపోర్ట్ అప్పుడే ఇచ్చేశాం: పాడైన పేజీకి ముందు, తర్వాత ఉన్నవి అసలు డేటాబేస్ నుంచి, ఆ 84 పాత కాపీ నుంచి. ఇందులో ఒక మెలిక ఉంది. ముందు పేజీలోని చివరి కీ వరకు కావాలని "చిన్నది లేదా సమానం" అని రాస్తే, ఆ కీ దాకా వచ్చిన స్కాన్ ఇంకా ఉన్నాయేమో అని తర్వాతి పేజీలోకి తొంగి చూస్తుంది, మళ్లీ 824. అందుకని ఆ చివరి కీ కన్నా చిన్నవి ఒక క్వెరీతో, ఆ చివరి రికార్డు ఒక్కదాన్ని పూర్తి కీతో సమానం పెట్టి ఇంకో క్వెరీతో తీయాలి. యూనిక్ కీ మొత్తం ఇస్తే ఇంజన్ ఒక్క రికార్డు దగ్గరే ఆగుతుంది. రెండోవైపు తర్వాతి పేజీ మొదటి కీ నుంచి పైకి. సరిహద్దు కీలు రెండు పక్క పేజీలను 3తో చూస్తే తెలుస్తాయి.

అసలు రిపేర్‌కు వచ్చేసరికి పక్కనున్న కుర్రాడు డీబీసీసీ రైట్‌పేజ్ గురించి అడిగాడు. అదీ డాక్యుమెంట్ లేనిదే, పేజీలో నేరుగా బైట్లు రాస్తుంది. పోయిన 512 బైట్లు ఏవో మన దగ్గర ఉన్నాయి, రాసేస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది కదా అని. ప్రశ్న మంచిదే. కానీ ఆ కమాండ్ ఏ నియమాన్నీ చూడదు, ఒక్క బైట్ అటూ ఇటూ అయితే మనమే డేటాబేస్‌ను పాడు చేసినవాళ్లమవుతాం. టెస్ట్ కాపీ మీద పేజీలు కావాలని పాడు చేసి నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. నడుస్తున్న వ్యాపారం డేటా మీద దాన్ని నేను వాడను, వాడనివ్వను. చూసే కమాండ్లకు డాక్యుమెంట్ లేకపోయినా ఫర్వాలేదు, తప్పు చూపిస్తే మళ్లీ సరిచూసుకోవచ్చు. రాసే కమాండ్‌కు ఆ వెసులుబాటు లేదు.

కాబట్టి తెలిసిన దారిలోనే వెళ్లాం. ముందు డిస్క్ మార్పించాం. సెక్టార్ మింగిన డిస్క్ మీదే రిపేర్ చేయడం అర్థం లేని పని. ఎర్రర్ వచ్చినా కొనసాగించు అనే ఆప్షన్‌తో ఇప్పటి డేటాబేస్‌ను బ్యాకప్ తీసి కొత్త డిస్క్ మీద వేరే పేరుతో రిస్టోర్ చేసి, మొత్తం తంతు మొదట ఆ కాపీ మీద రిహార్సల్ చేశాం. అక్కడ సరిగ్గా 84 రికార్డులు తగ్గాయి. ఒకటి ఎక్కువ తగ్గినా, తక్కువ తగ్గినా ఆగిపోయేవాళ్లం. తర్వాత అసలుదాన్ని సింగిల్ యూజర్ మోడ్‌లో పెట్టి రిపేర్, ఆపైన మార్చి కాపీ నుంచి 84 ఇన్సర్ట్.

ఆ ఇన్సర్ట్‌కు ముందు ట్రిగ్గర్లు చూసుకోవాలి. ఈ టేబుల్లో లైన్ పడగానే స్టాకు తగ్గించే ట్రిగ్గర్ ఉంది. దాన్ని ఆపకుండా పాత లైన్లు మళ్లీ వేస్తే, ఎప్పుడో అమ్మిన మందులను ఇవాళ మళ్లీ అమ్మినట్టు స్టాకు తగ్గిపోతుంది. డేటా తిరిగొచ్చిందని సంబరపడేలోపు గోడౌన్ లెక్క తప్పుతుంది. డిసేబుల్ చేసి, ఇన్సర్ట్ చేసి, మళ్లీ ఎనేబుల్ చేశాం. రిపేర్‌కు ఫారిన్ కీలతో (టేబుళ్ల మధ్య లింకులతో) పనిలేదు, వాటిని పట్టించుకోదు, అందుకని వాటిని సరిచూసే డీబీసీసీ చెక్‌కన్‌స్ట్రెయింట్స్ నడిపాం. మళ్లీ చెక్‌డీబీ: శుభ్రం. ఆఖర్న ఆ 84 లైన్లకు చెందిన ప్రతి బిల్లు మొత్తాన్ని దాని లైన్ల కూడికతో పోల్చాం, పైసాతో సహా సరిపోయింది.

ఎర్రర్ లాగ్ పాత ఫైళ్లు వెనక్కి తిరగేస్తే 825లు కనిపించాయి. మొదటిసారి చదవడం తప్పి, మళ్లీ ప్రయత్నిస్తే వచ్చింది అని చెప్పే మెసేజ్ అది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇలా నాలుగుసార్ల దాకా మళ్లీ చదువుతుంది. డిస్క్ ఆరోగ్యం చెడుతోందని ముందే చెప్పే గుర్తు ఇది. కానీ దాని సివియారిటీ 10, మామూలు సమాచారం స్థాయి. పెద్ద సివియారిటీలకు మాత్రమే అలర్ట్ పెట్టుకున్నవాళ్లకు ఇది ఎప్పటికీ అందదు. ఇప్పుడు అక్కడ 823, 824, 825 మూడింటికీ నంబర్ పేరుతోనే అలర్టులు ఉన్నాయి. బ్యాకప్‌లు చెక్‌సమ్‌తో తీస్తున్నారు, వారానికోసారి చెక్‌డీబీ నడుస్తోంది, రికవరీ మోడల్ ఫుల్‌కు మార్చి లాగ్ బ్యాకప్‌లు మొదలుపెట్టాం. స్టాండర్డ్ ఎడిషన్‌లో పేజీ రిస్టోర్ ఆఫ్‌లైన్‌లోనే చేయాలి, కాసేపు కౌంటర్ ఆపాల్సి వస్తుంది. అయినా ఈసారి ఇదే జరిగితే ఇంత తవ్వకం అక్కర్లేదు.

పోయిన సెక్టార్ పేజీలో మొదటిది అయ్యుంటే కథ వేరుగా ఉండేది. హెడర్ మొదటి 96 బైట్లలోనే ఉంటుంది, దానితోపాటు ఎల్‌ఎస్‌ఎన్, చెక్‌సమ్ రెండూ పోయేవి. పాత పేజీ, కొత్త పేజీ ఒకటేనని అంత ధీమాగా చెప్పలేం. అలాంటప్పుడు పై స్థాయి ఇండెక్స్ పేజీని 3తో చూసి సరిహద్దు కీలు తెలుసుకుని, నాన్‌క్లస్టర్డ్ ఇండెక్సుల నుంచి దొరికినన్ని కాలమ్‌లు తీసి, మిగిలిన రేటు, డిస్కౌంట్ లాంటివి కాగితం బిల్లులతో ఒక్కొక్కటిగా పోల్చాలి. ఇలాంటి టేబుళ్ల మీద ఇండెక్స్ డిజైన్ చేసేటప్పుడు నేను రేటు కాలమ్‌ను కూడా ఇంక్లూడ్‌లో చేర్చమంటున్నాను, ఈ సంస్థలో ఇప్పటికే చేర్చేశాం.